ఎలక్ట్రిక్ ఆర్‌సీ హెలికాప్టర్ అప్‌గ్రేడ్లు: రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో నాగావళి ఒడ్డున, కోతలయ్యాక గుణుపురం వైపు పొలాల్లో, సెలవులకు వెళ్లినప్పుడు కోరాపుట్ మైదానంలో చాలా ఏళ్లుగా ఆర్‌సీ హెలికాప్టర్లు, అంటే రేడియోతో నడిపే మోడల్ హెలికాప్టర్లు, ఎగరేస్తున్నాను. పర్లాకిమిడి, జయపురం, సునాబెడ నుంచి కూడా మనవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. ప్రశ్నలు దాదాపు అవే ఉంటాయి, అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలన్నీ 450 సైజు హెలికాప్టర్‌వి, అంటే 325 మి.మీ. బ్లేడ్లు, 3ఎస్ (మూడు సెల్లుల, 11.1 ఓల్టుల) 2200 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నది. మన వైపు ఎక్కువమంది దగ్గర ఉన్నది అదే. పెద్ద సైజు వాటికి కూడా లెక్క మారదు, అంకెలే మారతాయి.

జాతరలో కొన్న హెలికాప్టర్ ఉంది. రెండు జతల రెక్కలు ఒకదానిపై ఒకటి తిరుగుతాయి. దీన్ని అప్‌గ్రేడ్ చేయొచ్చా?

చేయొద్దనే చెబుతాను. దాన్ని కోయాక్సియల్ అంటారు. రెండు జతలు ఎదురెదురుగా తిరుగుతాయి కాబట్టి తోక అవసరం లేకుండానే నిలకడగా ఉంటుంది, ఇంట్లో పిల్లలు ఎగరేసుకోవడానికి బాగుంటుంది. కానీ బయట చిన్న గాలి వీచినా ఎదురు వెళ్లలేదు. పెద్ద బ్యాటరీ పెడితే బరువు పెరిగి చిన్న బ్రష్ మోటార్లు కాలిపోతాయి. అది విరిగేదాకా ఆడుకోండి, డబ్బులు మాత్రం తర్వాతి హెలికాప్టర్ కోసం దాచండి. ఆరు ఛానెళ్లు (రేడియోతో విడివిడిగా నడిపే పనులు) ఉండి, బ్లేడ్ల కోణం మారే చిన్నది తీసుకుంటే నేర్చుకోవడానికి మంచిది. ఎక్స్‌కే కే110 లాంటివి ఆ కోవలోవే.

మొదటి అప్‌గ్రేడ్ దేనికి చేయాలి?

హెలికాప్టర్‌కి కాదు, చేతిలో పట్టుకుని నడిపే రేడియోకి. కిట్‌తో వచ్చే రేడియోలో థ్రాటిల్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే మోటార్‌కి ఎంత శక్తి), పిచ్ కర్వ్ (స్టిక్ ఎక్కడుంటే బ్లేడ్లకి ఎంత కోణం) మార్చుకునే వీలు లేకపోతే మిగతా ఏ అప్‌గ్రేడూ పూర్తిగా పని చేయదు. ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి తక్కువ ధర రేడియోలోనే హెలికాప్టర్ మోడ్ ఉంది, రెండు కర్వ్‌లూ ఉన్నాయి, థ్రాటిల్ హోల్డ్ స్విచ్ పెట్టుకోవచ్చు. థ్రాటిల్ హోల్డ్ లేకుండా నా పక్కన ఎవరినీ ఎగరేయనివ్వను. స్విచ్ వేయగానే మోటార్ ఆగిపోవాలి. చేతికి రక్తం వచ్చే ప్రమాదాలు ఎక్కువగా ఆ స్విచ్ వేయడం మరిచిపోయినప్పుడే జరుగుతాయి.

దాని తర్వాత ఒక పిచ్ గేజ్ కొనండి, బ్లేడ్ల కోణం కొలిచే చిన్న ప్లాస్టిక్ పనిముట్టు. అలాగే మంచి 1.5, 2 మి.మీ. ఎలెన్ కీలు. చవక కీలతో స్క్రూ తలలు అరిగిపోతే ఆ తర్వాత పడే బాధ చెప్పనలవి కాదు. కంప్యూటర్‌లో సిమ్యులేటర్ ఉంటే అదే రేడియోని కేబుల్‌తో కలిపి రోజూ అరగంట సాధన చేయండి. సిమ్యులేటర్‌లో ముక్కు మీ వైపు తిప్పి నిలబెట్టడం వచ్చేదాకా మెటల్ పార్ట్స్ గురించి ఆలోచించకండి.

నా హెలికాప్టర్ వణుకుతోంది. మెటల్ హెడ్ (బ్లేడ్లని పట్టుకునే నడి భాగం) వేస్తే తగ్గుతుందా?

తగ్గదు. అందరూ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అదురు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టకుండా ఏ పార్ట్ మార్చినా అదురు అలాగే ఉంటుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

ముందు ఫెదరింగ్ షాఫ్ట్ చూడండి. రెండు బ్లేడ్ గ్రిప్పుల మధ్య హెడ్‌లోంచి వెళ్లే సన్నటి ఉక్కు కడ్డీ అది. రెండు వైపులా స్క్రూలు విప్పి బయటికి తీయండి. గ్రిప్పులోంచి వాషర్లు, బేరింగులు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో ఒక గుడ్డ మీద పరచండి. లోపల ఉండే థ్రస్ట్ బేరింగ్‌లో రెండు వాషర్లకీ రంధ్రం సైజు ఒకటి కాదు. కాస్త పెద్ద రంధ్రం ఉన్నది హెడ్ వైపు, చిన్నది బయట బ్లేడ్ వైపు రావాలి. తారుమారైతే బేరింగ్ బిగుసుకుంటుంది. ఇప్పుడు షాఫ్ట్‌ని ఒక గాజు పలక మీద పెట్టి వేలితో మెల్లగా దొర్లించండి. కళ్లు పలక ఎత్తుకి దించి, వెలుతురుకి ఎదురుగా చూడండి. షాఫ్ట్ కింద సన్నటి వెలుతురు గీత ఒకసారి కనిపించి మళ్లీ మాయమవుతుంటే అది వంగినట్టే. సుత్తితో సరిచేయాలని చూడకండి, పారేయండి. నేను బీరువా అద్దం మీద దొర్లిస్తాను. మూడేళ్ల కిందట ఒక హెలికాప్టర్‌కి గైరో (తిరగడాన్ని పసిగట్టి నిలకడగా ఉంచే పరికరం), సర్వోలు (బ్లేడ్ల కోణాలు మార్చే చిన్న మోటార్లు), తోక బేరింగులు అన్నీ మార్చాక చివరికి ఈ పరీక్షలోనే అసలు సంగతి తేలింది.

మెయిన్ షాఫ్ట్‌ని, తోక షాఫ్ట్‌ని కూడా ఇలాగే చూడండి. ఆ తర్వాత హెడ్‌లోపల డాంపర్లు అనే రబ్బరు రింగులు. ఎండకి, నూనెకి అవి మెత్తబడి పగుళ్లిస్తాయి. అప్పుడు హెలికాప్టర్ నేల మీద స్పీడ్ అందుకునేటప్పుడే ఊగుతుంది. కొత్త రింగులు, వీలైతే కాస్త గట్టివి, వేస్తే చాలాసార్లు ఊగడం అక్కడికక్కడే ఆగిపోతుంది. అన్ని అప్‌గ్రేడ్లలోకీ చవకైనది ఇదే.

మెటల్ హెడ్ సంగతి కూడా చెబుతాను. చూడ్డానికి అందంగా ఉంటుంది, లూజు తక్కువ. కానీ పడినప్పుడు ప్లాస్టిక్ గ్రిప్ విరిగి ఊరుకుంటే, అల్యూమినియం గ్రిప్ విరక్కుండా ఆ దెబ్బని మెయిన్ షాఫ్ట్‌కి, గేర్‌కి పంపిస్తుంది. ఇంకా నేర్చుకుంటున్న వాళ్లకి ప్లాస్టిక్ హెడ్డే నయం.

చెక్క బ్లేడ్లు తీసి కార్బన్ ఫైబర్ వేయాలా?

హోవర్, అంటే గాల్లో ఒకేచోట నిలబెట్టడం, బాగా వచ్చాక వేయండి. చెక్క బ్లేడ్ నేలకి తగిలితే ముక్కలై, హెడ్‌ని కాపాడుతుంది. కార్బన్ బ్లేడ్ గట్టిది, మెలిక పడదు, ఎక్కువ హెడ్ స్పీడ్‌కి (బ్లేడ్లు తిరిగే వేగానికి) తట్టుకుంటుంది. తేడా వెంటనే తెలుస్తుంది.

ఏ బ్లేడ్ వేసినా బ్యాలెన్స్ చేయండి. రెండు బ్లేడ్లనీ రంధ్రాల దగ్గర ఒకే పొడవాటి స్క్రూతో కలిపి, ఎదురెదురుగా ఒకే గీతలో సాగదీసి, ఆ స్క్రూని రెండు గ్లాసుల అంచుల మీద ఆనించండి. వాలిన వైపు బరువెక్కువ. తేలికైన బ్లేడ్ కొసకి రంగు టేపు చుట్టి సమం చేయండి. ఆ టేపుతో ఇంకో పని కూడా అవుతుంది. హెలికాప్టర్ తిరుగుతున్నప్పుడు దూరం నుంచి పక్కగా చూస్తే రెండు బ్లేడ్ల కొసలు ఒకే గీతలా కనిపించాలి. రెండు గీతలు కనిపిస్తే ట్రాకింగ్ తప్పినట్టు. రంగు టేపు ఉన్న బ్లేడ్ పైనుందో కిందుందో చూసి, దాని లింక్ రాడ్‌ని ఒక చుట్టు తిప్పితే సరిపోతుంది. చూసేటప్పుడు కళ్లు బ్లేడ్ల ఎత్తులో ఉంచినా, కనీసం ఐదారు మీటర్ల దూరంలో నిలబడండి.

పెద్ద మోటార్ వేస్తే శక్తి పెరుగుతుందా? ఏ పినియన్ (మోటార్ షాఫ్ట్ మీద ఉండే చిన్న గేర్) వేయాలి?

ఈ ఆటలో ఒక పార్ట్ మారిస్తే ఇంకో మూడు మారతాయి. మోటార్ పెంచితే ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) వేడెక్కుతుంది. ఈఎస్‌సీ మారిస్తే బ్యాటరీ అంత కరెంటు ఇవ్వలేదు. బ్యాటరీ పెంచితే బరువు పెరుగుతుంది, అప్పుడు పెంచిన శక్తంతా ఆ బరువు మోయడానికే పోతుంది. అందుకే ముందు కాగితం మీద లెక్క వేయండి.

మోటార్ మీద కేవీ అని రాసి ఉంటుంది. ఒక్క ఓల్టుకి ఖాళీగా ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెబుతుంది. 3500 కేవీ మోటార్‌ని 11.1 ఓల్టులతో గుణిస్తే 38,850. పినియన్‌కి 11 పళ్లు, మెయిన్ గేర్‌కి 150 పళ్లు అనుకుంటే, 38,850ని 11తో గుణించి 150తో భాగించండి. 2,849 వస్తుంది. లోడ్ పడినప్పుడు అంత రాదు, సుమారు 85 శాతమే. అంటే నిమిషానికి 2,420 చుట్లు. అదే 13 పళ్ల పినియన్ వేస్తే 2,860 దాటుతుంది. మామూలు హోవర్‌కి, గుండ్రంగా తిప్పడానికి 11 చాలు, 3డీ, అంటే తలకిందుల విన్యాసాలు, చేసేవాళ్లకే 13 కావాలి. ఊరికే పెద్ద పినియన్ వేస్తే మోటార్ వేడెక్కుతుంది, ఎగిరే సమయం తగ్గుతుంది, తోక బేరింగులు అరుగుతాయి.

పినియన్ కొనే ముందు మోటార్ షాఫ్ట్ మందం కొలవండి. 450 మోటార్లలో ఎక్కువగా 3.17 మి.మీ. ఉంటుంది, కానీ అన్నిటికీ అదే కాదు. పళ్ల సైజు (మాడ్యూల్) కూడా మెయిన్ గేర్‌తో కలవాలి.

బిగించేటప్పుడు నోటుబుక్కు కాగితం సన్నగా చింపి, పినియన్‌కి, మెయిన్ గేర్‌కి మధ్య పెట్టండి. మోటార్‌ని దానికి ఆనేలా నొక్కి స్క్రూలు బిగించి, గేర్ తిప్పి కాగితం బయటికి తీయండి. కాగితం మీద పళ్ల గుర్తులు మడతలుగా ఉండాలి, చిరగకూడదు. చిరిగితే మరీ బిగువు, గుర్తు పడకపోతే లూజు. మెయిన్ గేర్ కొంచెం వంకరగా ఉండొచ్చు కాబట్టి చుట్టూ నాలుగైదు చోట్ల చూడండి. మోటార్ స్క్రూలకీ, లోహం లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకీ నీలం లాక్టైట్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్‌కి తగలనివ్వకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి.

రాయగడలో బాగా ఎగిరిన హెలికాప్టర్ కోరాపుట్‌లో నీరసంగా ఉంది. పార్ట్ ఏదైనా పోయిందా?

పోలేదు. గాలి పలచన. మా మేనల్లుడు మొదటిసారి ఈ ప్రశ్న అడిగినప్పుడు కొత్త మోటార్ కొనేసేలా ఉన్నాడు, ఆపాను.

రాయగడ సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటే, కోరాపుట్ 870 మీటర్ల దాకా ఉంది. ఒకే ఎండలో చూస్తే కోరాపుట్ గాలి సాంద్రత రాయగడ కంటే 6 శాతానికి పైగా తక్కువ. బ్లేడ్లు నెట్టేది గాలినే కాబట్టి అదే స్పీడ్‌లో, అదే కోణంలో లిఫ్ట్ కూడా అంతే తగ్గుతుంది. లిఫ్ట్ స్పీడ్ వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే స్పీడ్ రెండింతలైతే లిఫ్ట్ నాలుగింతలు. అందువల్ల 6 శాతం లోటు పూడ్చడానికి స్పీడ్ 3 శాతం చిల్లర పెంచితే చాలు. రాయగడలో 2,400 ఉంటే కోరాపుట్‌లో 2,480 దగ్గర పెట్టుకోండి.

ఇక్కడే చాలామంది పినియన్ మార్చేస్తారు. 11 నుంచి 12 పళ్లకి వెళ్తే స్పీడ్ 9 శాతం పెరుగుతుంది. మనకి కావలసింది 3 శాతమే. రేడియోలో థ్రాటిల్ కర్వ్ నాలుగైదు పాయింట్లు పెంచితే పని అయిపోతుంది. అందుకే రాయగడలో కర్వ్ నూటికి నూరు పెట్టుకోకూడదు. 80, 85 దగ్గర ఎగిరేలా గేరింగ్ ఉంటే కొండెక్కినప్పుడు పైన చోటు మిగులుతుంది. రేడియోలో రెండు మోడల్ మెమరీలు పెట్టండి, ఒకదానికి రాయగడ అని, ఇంకోదానికి కోరాపుట్ అని పేరు పెట్టండి. నా రేడియోలో అలాగే ఉన్నాయి. టైమర్ కూడా కోరాపుట్‌లో పది, పదిహేను సెకన్లు తగ్గించండి. పలచని గాలిలో అంతే బరువు మోయడానికి మోటార్ కొంచెం ఎక్కువ పని చేస్తుంది.

ఎండ కూడా ఇదే పని చేస్తుంది. పొద్దున 20 డిగ్రీల్లో ఉన్న గాలి మధ్యాహ్నం 38 డిగ్రీలకి చేరితే సుమారు 6 శాతం పలచబడుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం రాయగడలో ఎగరేయడం, చల్లటి పొద్దున కోరాపుట్‌లో ఎగరేయడం దాదాపు ఒకటే.

బ్యాటరీ: ఎక్కువ సీ రేటింగ్ ఉన్నది కొనాలా? 4ఎస్ పెట్టొచ్చా?

సీ రేటింగ్ అంటే సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు ఇవ్వగలదనేది. 2200 ఎంఏహెచ్, 25సీ అంటే లెక్క ప్రకారం 55 ఆంపియర్లు. మామూలుగా ఎగరేసేవాళ్లకి నిజమైన 25సీ ఉంటే సరిపోతుంది. అంకె చూసి కాకుండా, ఎగిరి దిగాక బ్యాటరీ చేతికి ఎంత వేడిగా ఉందో చూసి నిర్ణయించండి. పట్టుకోలేనంత వేడి ఉంటే అది చాలడం లేదు.

3ఎస్‌కి తయారైన 3500 కేవీ మోటార్‌కి 4ఎస్ పెట్టకండి. 11 పళ్లతోనే 3,200 చుట్లు దాటిపోతుంది, ప్లాస్టిక్ హెడ్ తట్టుకోదు. 4ఎస్ కావాలంటే తక్కువ కేవీ మోటార్, దానికి తగిన ఈఎస్‌సీ రెండూ మార్చాలి.

ఈ బ్యాటరీలు లైపో (లిథియం పాలిమర్) రకం, ఒక్కో సెల్ నిండితే 4.2 ఓల్టులు. దాచి పెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉంచండి. ఎగిరేటప్పుడు 80 శాతం మాత్రమే వాడేలా టైమర్ పెట్టుకోండి, 450కి అది ఐదారు నిమిషాలు. ఛార్జింగ్ 2.2 ఆంపియర్లకి మించొద్దు. వేసవి సెలవులకి ఊరెళ్తూ నాలుగు బ్యాటరీలు నింపి, రేకుల గదిలో వదిలేశాను. తిరిగొచ్చేసరికి నాలుగూ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జ్ చేయకండి. బయట, మండే వస్తువులకి దూరంగా, బండి ఇండికేటర్ బల్బు కలిపి పూర్తిగా ఖాళీ అయ్యాక ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

కరెంటు పోతే ఏమిటని అడుగుతారు. ఐమ్యాక్స్ బీ6 తరహా ఛార్జర్లు 12 ఓల్టుల డీసీతో కూడా నడుస్తాయి. కారు బ్యాటరీకి క్లిప్పులు పెట్టి పొలంలోనే ఛార్జ్ చేసుకోవచ్చు. మట్టి కుండలోనో, ఇటుకల మధ్యనో పెట్టి ఛార్జ్ చేయండి, వదిలేసి వెళ్లకండి.

ఫ్లైబార్ తీసేసి ఫ్లైబార్‌లెస్ చేయడం మంచిదేనా?

మంచిదే, పెద్ద అప్‌గ్రేడ్ అంటే ఇదే. కానీ ముందు ఫ్లైబార్ ఏం చేస్తుందో తెలియాలి. బ్లేడ్లకి అడ్డంగా, కొసల్లో చిన్న తెడ్లతో తిరిగే కడ్డీ అది. తిరిగే బరువు తన తలాన్ని వదలదు కాబట్టి, గాలి హెలికాప్టర్‌ని వంచబోయినా అది నిలకడగా ఉంచుతుంది. నిజమైన హెలికాప్టర్లలో ఆర్థర్ యంగ్ బెల్ కంపెనీ కోసం చేసిన బరువుల కడ్డీ, స్టాన్లీ హిల్లర్ చేసిన తెడ్ల కడ్డీ, ఈ రెండు ఆలోచనల కలయికే మన మోడళ్ల హెడ్. ఫ్లైబార్‌లెస్‌లో ఆ పని మూడు దిశల గైరో ఉన్న ఒక పెట్టె చేస్తుంది. లింకులు సగానికి తగ్గుతాయి, గాలి నిరోధం తగ్గుతుంది, బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది.

డబ్బు లేకపోతే ఫ్లైబార్‌తోనే చాలా చేయొచ్చు. కడ్డీ మీద చిన్న బరువులుంటే తెడ్ల వైపు జరపండి, నిలకడ పెరుగుతుంది. హెడ్ వైపు జరిపితే చురుకుదనం పెరుగుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మారుస్తున్నప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది రేడియోలో. ఇంతకుముందు మూడు సర్వోల మిక్సింగ్ (మూడింటినీ కలిపి కదిపే లెక్క) రేడియో చేసేది, ఇప్పుడు పెట్టె చేస్తుంది. రేడియోలో స్వాష్ (సర్వోలు వంచే, బ్లేడ్ల కోణం మార్చే పలక) టైప్ 120 డిగ్రీల నుంచి మామూలుకి మార్చాలి, ట్రిమ్ములన్నీ (స్టిక్‌ల చిన్న సర్దుబాట్లు) సున్నా చేయాలి. లేకపోతే మిక్సింగ్ రెండుసార్లు జరిగి హెలికాప్టర్ పిచ్చిగా ప్రవర్తిస్తుంది. సర్వోలు డిజిటల్ అయి ఉండాలి, అనలాగ్ సర్వోలు ఆ వేగానికి కాలిపోతాయి. తోక సర్వోకి పల్స్ సెట్టింగ్ చూడండి. మామూలు సర్వోలకి 1520 మైక్రోసెకన్లు, కొన్ని ప్రత్యేక తోక సర్వోలకి 760. ఒకదానికి ఇంకోటి పెడితే సర్వో పాడవుతుంది. సర్వోలు పెంచితే ఈఎస్‌సీలోని బీఈసీ (సర్వోలకి కరెంటు ఇచ్చే భాగం) అంత కరెంటు ఇస్తుందో లేదో కూడా చూడాలి.

ఇక గైరో దిశ. ఒకసారి తోక సర్వో పాడై వేరే కంపెనీది వేశాను. దాని చేయి వ్యతిరేక దిశలో తిరిగేది. రేడియోలో స్టిక్ దిశ సరిచేశాను, గైరో దిశ సరిచేయలేదు. నాగావళి ఒడ్డున నేల నుంచి జానెడు లేచిందో లేదో గిర్రున తిరిగి, బ్లేడ్లు వంగి తోక గొట్టాన్ని నరికేశాయి. మొత్తం మూడు సెకన్లు. అప్పటినుంచి ఏ చిన్న పార్ట్ మార్చినా ఈ పరీక్ష చేస్తాను: మోటార్ వైర్లు తీసేసి, పవర్ ఇచ్చి, స్టిక్‌తో కుడికి తిప్పమని చెప్పి తోక స్లైడర్ (తోక రెక్కల కోణం మార్చే భాగం) ఎటు కదిలిందో చూస్తాను. తర్వాత స్టిక్ వదిలేసి, హెలికాప్టర్ ముక్కుని చేత్తో చటుక్కున ఎడమకి తిప్పుతాను. స్లైడర్ ఇందాక కుడి స్టిక్‌కి కదిలిన వైపే కదలాలి. ఫ్లైబార్‌లెస్ అయితే ముందుకీ, పక్కకీ కూడా ఇలాగే చూడాలి. ముక్కు కిందకి వంచితే స్వాష్ వెనక్కి వాలాలి.

తోకకి బెల్ట్ మంచిదా, టార్క్ ట్యూబ్ (తోకకి శక్తి పంపే తిరిగే కడ్డీ) మంచిదా?

నేర్చుకునేవాళ్లకి బెల్ట్. తోక నేలకి తగిలితే బెల్ట్ జారి ఊరుకుంటుంది, టార్క్ ట్యూబ్ గేర్ పళ్లు ఊడిపోతాయి. టార్క్ ట్యూబ్‌లో శక్తి వృథా తక్కువ, తోక గట్టిగా పట్టుకుంటుంది. బెల్ట్ బిగువు వేలితో నొక్కి చూడండి, రెండు వైపులూ తగిలేంత వదులుగా ఉండకూడదు.

ఊళ్లో లేత్ మిషన్ మీద షాఫ్ట్ చేయించుకోవచ్చా? చవకగా ఇంట్లో ఏమేం చేసుకోవచ్చు?

షాఫ్ట్ వద్దు. జయపురంలో, రాయగడలో చేయి తిరిగిన లేత్ మేస్త్రీలున్నారు, కొలత తప్పు రానివ్వరు. సమస్య వాళ్ల పనితనం కాదు, ఉక్కు. మెయిన్ షాఫ్ట్‌కి, ఫెదరింగ్ షాఫ్ట్‌కి గట్టిపరచిన ఉక్కు కావాలి. మామూలు ఇనుప కడ్డీతో చేస్తే మొదటి కుదుపుకే వంగుతుంది. తిరిగే భాగాలన్నీ కొన్నవే వాడండి.

తిరగని భాగాలు మాత్రం హాయిగా చేసుకోండి. సైకిల్ చువ్వ 2 మి.మీ. మందం ఉంటుంది, సర్వో రాడ్‌కి బాగుంటుంది. బ్యాటరీ పలకకి సన్నటి ప్లైవుడ్ చాలు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది వెదురు ట్రైనింగ్ గేర్. బుట్టలల్లే వాళ్ల దగ్గర సన్నటి వెదురు బద్దలు రెండు అడిగి తెచ్చుకోండి, మూరన్నర పొడవు. కత్తితో గణుపులు నున్నగా చెక్కి, ఇంటూ గుర్తులా ఒకదానిపై ఒకటి పెట్టి, జిప్ టైలతో కాళ్ల స్కిడ్‌కి కట్టండి. నాలుగు కొసలకి టేబుల్ టెన్నిస్ బంతులు గుచ్చి, జిగురు వేయండి. హెలికాప్టర్ పక్కకి వాలినా బంతులు నేల మీద జారతాయి, బ్లేడ్ నేలకి తగలదు. వెదురు వంగుతుంది కాబట్టి కార్బన్ కడ్డీలా పుటుక్కున విరగదు. మా మేనల్లుడు దీనితోనే ఒక్క బ్లేడూ విరగ్గొట్టకుండా హోవర్ నేర్చుకున్నాడు.

సునాబెడలో విమాన ఇంజిన్లు చేసే హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) కర్మాగారం ఉంది కదా, నా 450కి ఆ కంపెనీ చేతక్ హెలికాప్టర్ లాంటి బాడీ వేయాలని ఉంది. వేయొచ్చా?

వేయండి, నాకూ చాలా ఇష్టం. బాడీ వేశాక బరువు పెరుగుతుంది, గాలి ఆడక మోటార్, ఈఎస్‌సీ వేడెక్కుతాయి. బాడీకి ముందు, వెనక రంధ్రాలు పెట్టండి. బ్యాటరీని జరిపి, హెడ్ పట్టుకుని ఎత్తినప్పుడు హెలికాప్టర్ సమంగా ఉండేలా చూడండి. బాడీ వేసినదానితో గిరికీలు వద్దు.

దుమ్ము, వాన, మంచు?

మన ఎర్రమట్టి దుమ్ము బేరింగులకి శత్రువు. దిగే చోట ఒక ప్లాస్టిక్ పట్టా పరచండి. స్వాష్‌ప్లేట్ చుట్టూ నూనె పోయకండి, దుమ్ము అంటుకుని గీరుతుంది. శీతాకాలం పొద్దున కోరాపుట్ మంచులో ఎగరేయొద్దు. ఎలక్ట్రానిక్స్ మీద తేమ ఒక సంగతి, పది మీటర్ల దూరంలో ముక్కు ఎటుందో కనపడకపోవడం అంతకంటే పెద్ద సంగతి.

ఎక్కడ ఎగరేయాలి? పర్మిషన్ కావాలా?

భారత ప్రభుత్వం 2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ తెచ్చింది. 250 గ్రాముల లోపువి నానో, 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో. మన 450 బ్యాటరీతో కలిపి కిలో లోపే ఉంటుంది. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో మీ చోటు ఆకుపచ్చగా ఉందో, పసుపో, ఎరుపో చూడండి, పర్మిషన్ సంగతి ఆ రంగును బట్టే ఉంటుంది. జయపురంలో విమానాశ్రయం ఉంది కాబట్టి అక్కడివాళ్లు తప్పనిసరిగా చూడాలి. పొలమైతే యజమానిని అడగండి.

మనుషుల సంగతి చెప్పాలి. 450 బ్లేడ్ కొస, 2,500 చుట్ల దగ్గర, గంటకి 330 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మనం ఎక్కడ ఎగరేసినా పది నిమిషాల్లో పిల్లలు మూగుతారు, పశువుల కాపర్లు వచ్చి నిలబడతారు. నేను ఎప్పుడూ ఒకరిని తోడు తీసుకెళ్తాను. పిల్లల్ని నా వెనక పాతిక అడుగుల దూరంలో కూర్చోబెట్టడమే ఆయన పని. ఎవరైనా ముందుకొస్తే దింపేస్తాను. దిగాక బ్లేడ్లు ఆగి, బ్యాటరీ తీశాక పిల్లల్ని పిలిచి ముట్టుకోనిస్తాను.

పడిపోయింది. బయటికి బాగానే కనిపిస్తోంది. మళ్లీ ఎగరేయొచ్చా?

అదే రోజు వద్దు. ముందు థ్రాటిల్ హోల్డ్ వేసి, దగ్గరికెళ్లి బ్యాటరీ తీయండి. బ్యాటరీ నొక్కుకుపోతే దాన్ని అరగంట ఖాళీ నేల మీద వదిలేయండి, కారులో పెట్టకండి.

ఇంటికొచ్చాక బ్లేడ్లు విప్పి మెల్లగా వంచి వినండి. లోపల పగిలిన కార్బన్ చిటపటమంటుంది. ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ అద్దం మీద దొర్లించండి. మెయిన్ గేర్‌ని ఒక్కొక్క పన్నుగా చూడండి, ఒక్క పన్ను పోయినా మార్చాలి. సర్వోల చేతుల్ని బ్యాటరీ లేకుండా వేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి, టక్కుమని ఎక్కడైనా ఆగితే లోపలి గేర్ పన్ను పోయింది. లింకుల బాల్ సాకెట్లు లాగి చూడండి, వాటంతట అవే ఊడకూడదు. తోక గొట్టం మీద చిన్న నొక్కు కనిపించినా కొత్తది వేయండి.

అన్నీ అయ్యాక గైరో పరీక్ష. తర్వాత బ్లేడ్లు లేకుండా, ఒకరు స్కిడ్ గట్టిగా పట్టుకోగా, మెల్లగా స్పీడ్ పెంచండి. తోక రెక్కలకి చేతులు దూరంగా ఉంచండి. అదురు లేకపోతే బ్లేడ్లు వేసి, వెదురు గేర్ కట్టి, మోకాలి ఎత్తులో ఒక నిమిషం నిలబెట్టి దింపండి. మోటార్, ఈఎస్‌సీ, మూడు సర్వోలు చేత్తో తాకి వేడి చూడండి. ఏదీ వేడిగా లేకపోతే రెండో బ్యాటరీ పెట్టుకోవచ్చు.